ఇంజినీరింగ్ చదువుకు గ్రాఫింగ్ క్యాలిక్యులేటర్ అవసరమా, సైంటిఫిక్ సరిపోతుందా?

గాజువాక నాన్న

సభ్యులందరికీ నమస్కారం. మా అమ్మాయికి ఈ ఏడాది మధురవాడ వైపు ఒక కళాశాలలో ఎలక్ట్రికల్ బ్రాంచిలో సీటు వచ్చింది. తరగతులు మొదలయ్యేలోగా క్యాలిక్యులేటర్ కొనాలి. మా బావమరిది కుటుంబం డాలస్‌లో ఉంటుంది. దసరాకు వస్తూ టీఐ-84 ప్లస్ సీఈ అనే, తెర మీద గ్రాఫులు గీసే గ్రాఫింగ్ క్యాలిక్యులేటర్ తెస్తానని అతను అంటున్నాడు. అక్కడ హైస్కూలు పిల్లలు కూడా అదే వాడతారని, ఇంజినీరింగ్ చదివే పిల్లకు అంతకంటే తక్కువది ఎందుకని అతని వాదన. ద్వారకా నగర్‌లో ఒక దుకాణానికి వెళితే కేసియో 991సీడబ్ల్యూ అనే సైంటిఫిక్ క్యాలిక్యులేటర్ చూపించి, ఇప్పుడంతా ఇదేనన్నారు. అమ్మాయికి తెలిసిన సీనియర్లు మాత్రం పాత 991ఈఎస్ ప్లస్ చాలునని చెప్పారట. నేను ఐటీఐ ఫిట్టర్‌ను. నా చదువులో ఇలాంటి యంత్రం చేతిలో పట్టవలసిన అవసరం రాలేదు. డబ్బు గురించి మరీ వెనకాడను గానీ, కొన్నది నాలుగేళ్లూ పనికిరావాలని కోరిక. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

నాలుగో ఏడాది ఈఈఈ

నమస్కారమండీ. అన్నిటికంటే ముందు పరీక్ష హాలు సంగతి చూసుకోండి, ఎందుకంటే మిగతా గుణగణాలన్నీ ఆ గుమ్మం దాటిన తరువాతే లెక్కకు వస్తాయి. మన వైపు విశ్వవిద్యాలయాలలోనూ, స్వయంప్రతిపత్తి ఉన్న కళాశాలలలోనూ సాధారణంగా ప్రోగ్రామింగ్ వీలులేని సైంటిఫిక్ క్యాలిక్యులేటర్‌ను మాత్రమే అనుమతిస్తారు. టీఐ-84లో ప్రోగ్రాములు రాసి దాచుకోవచ్చు, సూత్రాలను అక్షరాలతో సహా నిల్వ చేసుకోవచ్చు. కాబట్టి ఇన్విజిలేటర్ దాన్ని బల్ల మీద ఉండనివ్వరు. మీ బావమరిది గారు ప్రేమతో తెచ్చినా అది హాస్టల్ గది దాటి రాదు.

రెండో మాట. కళాశాల ఇచ్చే పరీక్షా నిబంధనల కాగితం ఒకసారి తెప్పించుకుని చూడండి. కొన్ని చోట్ల 991 వరుస మొత్తాన్ని అనుమతిస్తారు, కొన్ని చోట్ల కొన్ని మోడళ్ల పేర్లే రాస్తారు. మా బ్యాచ్‌లో ఒకమ్మాయి ఇంటి నుంచి వేరే మోడల్ తెచ్చుకుని, మిడ్ పరీక్షలో సంక్లిష్ట సంఖ్యలను చేత్తో భాగించవలసి వచ్చింది. ఆ అవస్థ ఎవరికీ వద్దు.

మద్దిలపాలెం మాస్టారు

నేను గణితం బోధించి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. ముందుగా ఈ రెండు రకాల యంత్రాలు ఎలా వచ్చాయో, వాటికి ఉన్న తేడా ఏమిటో చెబితే గాజువాక వారికి నిర్ణయం సులువవుతుందని భావిస్తాను.

జేబులో పట్టే మొదటి సైంటిఫిక్ క్యాలిక్యులేటర్ హెచ్‌పీ-35. అది 1972లో వచ్చింది, అప్పటి ధర 395 డాలర్లు. అది వచ్చిన కొద్ది ఏళ్లకే ప్రపంచమంతటా ఇంజినీర్లు స్లైడ్ రూళ్లను పక్కన పెట్టేశారు. మన దగ్గర ఆ మార్పు నెమ్మదిగా జరిగింది. లాగరిథమ్ పట్టికలతో డిగ్రీ పూర్తి చేసిన తరం మాది. తెర మీద గ్రాఫు గీసే మొదటి యంత్రాన్ని కేసియో 1985లో విడుదల చేసింది, దాని పేరు ఎఫ్‌ఎక్స్-7000జీ. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ తన టీఐ-81తో 1990లో ఈ రంగంలోకి వచ్చి, అమెరికా పాఠశాలలను లక్ష్యంగా పెట్టుకుంది. అక్కడి పాఠ్యపుస్తకాలు, ఉపాధ్యాయుల శిక్షణ, కొన్ని పరీక్షలు కూడా ఆ యంత్రం ఉంటుందన్న ఊహతోనే తయారయ్యాయి. టీఐ-84 ప్లస్ 2004లోనూ, రంగుల తెర ఉన్న సీఈ 2015లోనూ వచ్చాయి. అంటే ఆ యంత్రం అక్కడ ఎక్కువగా కనబడటానికి కారణం దాని గొప్పతనం ఒక్కటే కాదు, దాని చుట్టూ అల్లుకున్న చదువు పద్ధతి కూడా. ఆ పద్ధతి మన దగ్గర లేదు. మన పిల్లలు ఇంటర్ దాకా క్యాలిక్యులేటర్ ముట్టకుండా వస్తారు. జేఈఈలోనూ మన ఈఏపీసెట్‌లోనూ దానికి చోటు లేదు. ఇంజినీరింగ్‌లో చేరగానే పరీక్షలో చేత్తో గ్రాఫు కాగితం మీద గీయమంటారు, అంకెలకు మాత్రం యంత్రం వాడుకోమంటారు.

ఇంకొక సంగతి. టీఐ-84 ప్లస్ సీఈ బీజగణితాన్ని అక్షరాలతో చేయదు. అంటే ఒక ఫంక్షన్‌ను ఇస్తే దాని అవకలనం సూత్రరూపంలో రాదు, ఒక బిందువు దగ్గర విలువ మాత్రమే వస్తుంది. ఆ పని మన 991 కూడా చేస్తుంది. సూత్రరూపంలో జవాబు కావాలంటే హెచ్‌పీ ప్రైమ్, టీఐ ఎన్‌స్పైర్ సీఎక్స్ టూ సీఏఎస్ వంటివి కావాలి. వాటి ధర వేరు, వాటి మీద నిషేధం ఇంకా గట్టిది.

తీరం వెంబడి

మాస్టారి మాటలను గౌరవిస్తూనే ఒక భిన్నాభిప్రాయం చెప్పనివ్వండి. పరీక్ష హాలులోకి రానివ్వరు కాబట్టి గ్రాఫింగ్ యంత్రం వ్యర్థమని తేల్చేయడం తొందరపాటు. నేను రుషికొండ దగ్గర ఐటీ ఉద్యోగం చేస్తున్నాను. చదివింది మెకానికల్. నాకు సంఖ్యా పద్ధతులు నిజంగా అర్థమైంది గ్రాఫు చూశాకనే.

ఒక ఉదాహరణ ఇస్తాను. ఈ పవర్ ఎక్స్ (e^x) అనేది 3ఎక్స్‌కు సమానమని ఇచ్చి, ఎక్స్ విలువ కనుక్కోమన్నారు అనుకోండి. 991లో సాల్వ్ కీ నొక్కి, మొదటి ఊహగా 0 ఇస్తే 0.619 వస్తుంది. విద్యార్థి సంతోషించి జవాబు రాసేస్తాడు. అదే ఊహను 2 అని ఇస్తే 1.512 వస్తుంది. రెండూ సరైనవే. గ్రాఫింగ్ యంత్రంలో ఒక వక్రరేఖను, ఒక సరళరేఖను గీయగానే అవి రెండు చోట్ల ఖండించుకుంటున్నాయని కంటికి కనబడుతుంది. ఎన్ని మూలాలు ఉన్నాయో తెలియకుండా ఒకటి పట్టుకుని తృప్తిపడటం ఇంజినీరుకు ప్రమాదకరం. యంత్రం మీకు జవాబు ఇస్తుంది గానీ, ఇంకొక జవాబు ఉందని హెచ్చరించదు.

ఫోనులో గ్రాఫు చూసుకోవచ్చు కదా అని అంటారు, నాకు తెలుసు. ఫోను తెరిచిన పిల్లవాడు ఎక్స్ అక్షం దగ్గర ఎంతసేపు ఉంటాడో తల్లిదండ్రులకు వేరే చెప్పనక్కరలేదు.

మద్దిలపాలెం మాస్టారు

మీ ఉదాహరణ చక్కగా ఉంది. అయితే దాన్ని సైంటిఫిక్ యంత్రంతోనే పూర్తిచేయవచ్చు. 991లో టేబుల్ మోడ్ ఉంది. అందులో ఈ పవర్ ఎక్స్ నుంచి 3ఎక్స్ తీసేసిన ఫంక్షన్ ఇచ్చి, 0 నుంచి 2 దాకా 0.25 అడుగుతో పట్టిక వేయిస్తే, గుర్తు ధనం నుంచి ఋణానికి ఒకసారి, ఋణం నుంచి ధనానికి ఒకసారి మారుతుంది. ఆ రెండు చోట్ల దగ్గరి విలువలను ఊహగా ఇచ్చి సాల్వ్ నొక్కితే రెండు మూలాలూ దొరుకుతాయి. పైగా పరీక్షలో ఆ పట్టికనే జవాబు పత్రంలో రాసి చూపించాలి. మధ్యలో, 3కు సహజ లాగరిథమ్ అయిన 1.0986 దగ్గర, అవకలనం సున్నా అవుతుంది. ఆ విలువను ఊహగా ఇస్తే, సాల్వ్ కీ వాడే న్యూటన్ పద్ధతిలో సున్నాతో భాగించవలసి వస్తుంది. ఎందుకు అలా అవుతుందో ఆలోచించే విద్యార్థికి సగం పాఠం వచ్చేసినట్లే.

నాలుగో ఏడాది ఈఈఈ

ఎలక్ట్రికల్ వాళ్లకు గ్రాఫు కంటే సంక్లిష్ట సంఖ్యల లెక్కే రోజువారీ అవసరం అని నా అనుభవం. కేసియో ఈఎస్ ప్లస్‌లో మూడు అజ్ఞాత రాశుల సమీకరణాలు, మూడు బై మూడు మాత్రికలు, మూడో ఘాతం దాకా బహుపదుల మూలాలు చేయవచ్చు. దాని తరువాత వచ్చిన 991ఈఎక్స్‌లోనూ సీడబ్ల్యూలోనూ ఈ మూడూ నాలుగుకు పెరుగుతాయి. వినడానికి ఒక్క అంకె తేడానే గానీ, ఏసీ సర్క్యూట్లకు అది చాలా పెద్ద తేడా. ఎలాగో చెబుతాను, ఎందుకంటే ఈ కిటుకు నాకు రెండో ఏడాది చివర్లో గానీ తెలియలేదు.

ఏసీ వలయంలో రెండు మెష్‌లు (మూసిన దారులు) ఉన్నాయనుకోండి; ఐ1, ఐ2 వాటిలోని ప్రవాహాలు, జే అంటే −1 వర్గమూలం. మొదటి సమీకరణం: (4 + జే3) ఐ1 − జే3 ఐ2 = 10. రెండోది: −జే3 ఐ1 + (3 + జే3) ఐ2 = 0. ఈ వరుస యంత్రాలలో సమీకరణాల మోడ్ సంక్లిష్ట గుణకాలను తీసుకోదు. అందుచేత చాలామంది క్రేమర్ పద్ధతిలో నిర్ధారకాలను చేత్తో వేస్తారు, మధ్యలో ఒక గుర్తు తప్పితే మొత్తం పోతుంది. దానికి బదులు ఐ1ను ఏ + జేబీ అని, ఐ2ను సీ + జేడీ అని రాసుకుని, వాస్తవ భాగాలను, కల్పిత భాగాలను విడదీస్తే నాలుగు మామూలు సమీకరణాలు వస్తాయి:

4ఏ − 3బీ + 3డీ = 10
3ఏ + 4బీ − 3సీ = 0
3బీ + 3సీ − 3డీ = 0
−3ఏ + 3సీ + 3డీ = 0

వీటిని ఈఎక్స్‌లో నాలుగు అజ్ఞాత రాశుల మోడ్‌లో వేస్తే ఏ = 22/13, బీ = −6/13, సీ = 14/13, డీ = 8/13 అని భిన్నాల రూపంలోనే చూపిస్తుంది. ఈఎస్ ప్లస్‌లో ఈ పని నేరుగా చేయలేము, ఎందుకంటే అది మూడు దగ్గరే ఆగిపోతుంది. సర్క్యూట్స్, మెషీన్స్, పవర్ సిస్టమ్స్ మూడింటిలోనూ ఇది పనికొచ్చింది. అందుకే పాత ఈఎస్ ప్లస్ చాలన్న సీనియర్ల మాట నేను మీ అమ్మాయికి చెప్పను. నాలుగు సమీకరణాలు చేసే మోడల్‌నే తీసుకోండి.

గాజువాక నాన్న

అందరికీ కృతజ్ఞతలు. లెక్కలు నాకు సగమే అర్థమయ్యాయి గానీ, అమ్మాయి పక్కన కూర్చుని చదివి చివరిది మాత్రం కాగితం మీద వేసి చూసింది. ఇప్పుడు రెండు సందేహాలు. ఈఎక్స్, సీడబ్ల్యూలలో ఏది మేలు? రెండోది, మార్కెట్లో నకిలీవి ఎక్కువని విన్నాను, వాటిని ఎలా పట్టుకోవాలి?

డాబా గార్డెన్స్ దుకాణదారు

రెండో ప్రశ్నకు నేను జవాబు చెబుతాను. మాది చిన్న స్టేషనరీ వ్యాపారం. అడ్మిషన్ల రోజులలో క్యాలిక్యులేటర్ల అమ్మకం ఎక్కువ, నకిలీల బెడద కూడా అప్పుడే ఎక్కువ. ముఖ్యంగా 991ఈఎస్ ప్లస్‌కు నకళ్లు విపరీతంగా ఉన్నాయి. బయటికి అచ్చు అలాగే కనబడతాయి, కూడికలూ తీసివేతలూ బాగానే చేస్తాయి. తేడా కీలలో తెలుస్తుంది. అసలు దాంట్లో కీ నొక్కితే వేలికి ఒక స్పష్టమైన స్పందన ఉంటుంది, నకలులో మెత్తగా కూరుకుపోతుంది. సౌరఫలకం ఉన్న చోట కొన్ని నకళ్లలో నల్లని ప్లాస్టిక్ ముక్క మాత్రమే ఉంటుంది.

ఈఎక్స్, సీడబ్ల్యూలకు ఇంకొక సౌకర్యం ఉంది. అవి తెర మీద క్యూఆర్ ముద్ర చూపించగలవు. ఈఎక్స్‌లో షిఫ్ట్ నొక్కి ఆప్షన్ కీ నొక్కితే ఆ ముద్ర వస్తుంది. దాన్ని ఫోనుతో స్కాన్ చేస్తే కేసియో వారి సైటు తెరుచుకోవాలి. దుకాణంలో నిలబడి ఆ పని చేసి చూడండి, నిజాయతీ ఉన్న వ్యాపారి ఎవరూ కాదనరు. బిల్లు తప్పనిసరిగా తీసుకోండి. మిగతా దుకాణాల కంటే సగం ధరకు ఎవరైనా ఇస్తున్నారంటే, అది ఎందుకో అడగనవసరం లేదు.

సీడబ్ల్యూ వచ్చాక ఈఎక్స్ నిల్వలు తగ్గాయి. దొరికితే రెండింటినీ చేతిలో పెట్టుకుని చూడమని అమ్మాయికి చెప్పండి.

తీరం వెంబడి

క్యూఆర్ సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. ఈఎక్స్‌లో టేబుల్ మోడ్‌లో ఫంక్షన్ ఇచ్చి ఆ ముద్రను స్కాన్ చేస్తే, దాని గ్రాఫు ఫోనులో కనబడుతుంది. ఇది గ్రాఫింగ్ యంత్రానికి ప్రత్యామ్నాయం కాదు గానీ, ఇంటి దగ్గర చదువుకు పనికొస్తుంది. ఇక్కడ నా వాదన కొంచెం బలహీనపడుతోందని గమనించాను, అయినా విరమించుకోవడం లేదు.

తెరచాప

నేను నౌకా నిర్మాణం చదివి, ఇక్కడే ఓడల రూపకల్పన విభాగంలో పనిచేస్తున్నాను. ఉద్యోగంలో పెద్ద లెక్కలన్నీ కంప్యూటర్ చేస్తుంది. కానీ డాక్ దగ్గర నిలబడి ఒక విలువ సరిగా ఉందో లేదో చూసుకోవడానికి ఈ రోజుకీ నా సంచిలో ఉండేది పాత సైంటిఫిక్ యంత్రమే. అందులోని చాలా మోడ్‌లను విద్యార్థులు తెరిచి కూడా చూడరు.

ఉదాహరణకు స్టాటిస్టిక్స్ మోడ్. ఓడ నీటిరేఖ వైశాల్యం కట్టడానికి సమాన దూరాలలో సగం వెడల్పులు కొలిచి, సింప్సన్ నియమం ప్రకారం 1, 4, 2, 4, 1 గుణకాలతో హెచ్చించి కూడుతాము. దీన్ని ఒక్కొక్కటిగా నొక్కితే ఎక్కడో పొరపాటు దొర్లుతుంది, ఎక్కడ దొర్లిందో కనబడదు. నేను సెటప్‌లో ఫ్రీక్వెన్సీ నిలువు వరుసను తెరిచి, ఎక్స్ వరుసలో వెడల్పులను, ఫ్రీక్వెన్సీ వరుసలో సింప్సన్ గుణకాలను వేస్తాను. వెడల్పులు 0, 3.2, 5.0, 4.1, 0 మీటర్లు, వాటి మధ్య దూరం 6 మీటర్లు అనుకోండి. ఎక్స్‌ల మొత్తాన్ని అడిగితే యంత్రం 39.2 అని చెబుతుంది, ఎందుకంటే అది ప్రతి విలువను దాని ఫ్రీక్వెన్సీతో హెచ్చించి కూడుతుంది. దాన్ని 6/3తో హెచ్చిస్తే 78.4, రెండు వైపులా కలిపి 156.8 చదరపు మీటర్లు. అంకెలన్నీ వరుసగా తెర మీదే ఉంటాయి కాబట్టి, ఒకటి తప్పు పడితే దాన్ని మాత్రం దిద్దుకోవచ్చు. సివిల్ వాళ్లు సర్వేలో మట్టి పనుల ఘనపరిమాణానికి కూడా ఇదే చేయవచ్చు. గణాంకాల కోసం పెట్టిన మోడ్‌ను ఇలా వాడుకోవడం ఏ మాన్యువల్లోనూ నాకు కనబడలేదు, మా గైడు నేర్పించారు.

మన ఊరి సముద్రపు గాలి గురించి కూడా చెప్పాలి. తీరానికి దగ్గరగా ఉండే ఇళ్లలో బ్యాటరీ స్పర్శల మీద పచ్చటి పొర కట్టడం మామూలే. గ్రాఫింగ్ యంత్రాలలో కొన్నిటికి నాలుగు ట్రిపుల్ ఏ సెల్‌లు కావాలి, టీఐ-84 ప్లస్ సీఈకి ఛార్జింగ్ పెట్టాలి. 991లో ఒక్క ఎల్‌ఆర్44 సెల్, దానికి తోడు సౌరఫలకం ఉంటాయి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చి కరెంటు పోయిన రోజులలో నా ఫోను, ల్యాప్‌టాప్ రెండూ మూగబోయాయి, కిటికీ దగ్గర కూర్చుని ఈ చిన్న యంత్రంతోనే పని చేసుకున్నాను.

డాలస్ చెల్లెలు

నేను విశాఖలో బీటెక్ చదివి, ఇప్పుడు అమెరికాలో ఎంఎస్ చేస్తున్నాను. గాజువాక వారి బావమరిది గారు చెప్పింది హైస్కూలు విషయంలో నిజమే, ఇక్కడ పిల్లల సంచులలో టీఐ-84 సర్వసాధారణం. కానీ ఇంజినీరింగ్ చదువుకు వచ్చేసరికి పరిస్థితి మారుతుంది. ఇక్కడ వృత్తిలో ఇంజినీరుగా నమోదు కావడానికి రాసే తొలి పరీక్షను ఎఫ్ఈ అంటారు. ఆ పరీక్షలో గ్రాఫింగ్ యంత్రాలకు ప్రవేశం లేదు. అనుమతించిన జాబితాలో కేసియో నుంచి ఎఫ్‌ఎక్స్-115, ఎఫ్‌ఎక్స్-991 వరుసలు, టీఐ నుంచి 30ఎక్స్, 36ఎక్స్ వరుసలు, హెచ్‌పీ నుంచి 33ఎస్, 35ఎస్ ఉన్నాయి. అందుకే టీఐ-84తో పెరిగిన అమెరికా విద్యార్థులు కూడా చివరి ఏడాదిలో మన 991 లాంటిది కొనుక్కుని వేళ్లకు అలవాటు చేసుకుంటారు. నేను ఇంటి నుంచి తెచ్చుకున్న ఈఎక్స్‌ను చూసి నా సహాధ్యాయి ఒకరు ఎక్కడ కొన్నావని అడిగారు.

బావమరిది గారు ఏదో ఒకటి తేవాలనే పట్టుదలతో ఉంటే, మంచి సెమీ లాగ్ గ్రాఫు పుస్తకాలు తెమ్మనండి. పౌనఃపున్యంతో స్పందన ఎలా మారుతుందో చూపే బోడే ప్లాట్‌లు గీసేటప్పుడు గుర్తు చేసుకుంటారు. ఇది సగం హాస్యమే.

పెందుర్తి కెమికల్

నాదొక చిన్న ప్రశ్న. కెమికల్ బ్రాంచికి కూడా ఇదే సలహా వర్తిస్తుందా? మాకు ఘన సమీకరణాలు చాలా వస్తాయి.

మద్దిలపాలెం మాస్టారు

వర్తిస్తుంది. వాయు స్థితి సమీకరణాలలో వచ్చే ఘన సమీకరణాన్ని బహుపదుల మోడ్‌లో వేస్తే మూడు మూలాలూ వస్తాయి. మూడూ వాస్తవాలైనప్పుడు పెద్దది వాయువుకు, చిన్నది ద్రవానికి చెందుతాయని మీరు గుర్తుపట్టాలి, యంత్రం గుర్తుపట్టదు.

ఉద్యోగ పరీక్షల సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి చెబుతున్నాను. గేట్‌లో 2016 నుంచి బయటి క్యాలిక్యులేటర్‌ను అనుమతించడం లేదు. తెర మీదే ఒక వర్చువల్ క్యాలిక్యులేటర్ ఇస్తారు, దాన్ని మౌస్‌తో నొక్కాలి. అందులో మాత్రికలు ఉండవు, సమాకలనం ఉండదు, సమీకరణాల మోడ్ ఉండదు. నాలుగేళ్లూ ప్రతి లెక్కను 991 మోడ్‌లలోనే వేసిన విద్యార్థికి అక్కడ చేతులు కట్టేసినట్లు ఉంటుంది. కాబట్టి మూడో ఏడాది నుంచి గేట్ చదివేవారు వారానికి కొంత సమయం ఆ వర్చువల్ యంత్రం మీదే సాధన చేయాలి. ఇంజినీరింగ్ సర్వీసుల పరీక్ష మొదటి దశలో క్యాలిక్యులేటర్ అసలే లేదు, మెయిన్స్‌లో ప్రోగ్రామింగ్ వీలులేనిది తీసుకెళ్లవచ్చు. ఈ దారులలో ఏది చూసినా గ్రాఫింగ్ యంత్రం కనబడదు.

ఇక కోణాల కొలమానం. పరీక్షలలో నేను దిద్దిన పత్రాలలో యంత్రం వల్ల పోయిన మార్కులలో ఎక్కువ భాగం ఈ ఒక్కదాని వల్లనే. 0 నుంచి పై (π) వరకు సైన్ ఎక్స్ సమాకలనం 2 అని అందరికీ తెలుసు. యంత్రం డిగ్రీలలో ఉంటే 0.0861 అని చూపిస్తుంది. పొరపాటు అని తెర మీద ఏ సూచనా రాదు, ఎందుకంటే దాని దృష్టిలో అది పొరపాటు కాదు. కొన్ని హాళ్లలో పరీక్షకు ముందు యంత్రాన్ని రీసెట్ చేయమంటారు. ఈఎస్ ప్లస్‌లోనూ ఈఎక్స్‌లోనూ పూర్తి రీసెట్ తరువాత కోణాలు డిగ్రీలకు తిరిగి వెళ్తాయి. ఇంటి దగ్గర రేడియన్లు పెట్టుకుని వచ్చిన పిల్ల అది తెలియక మొదటి లెక్కే తప్పు చేస్తుంది. హాలులో కూర్చోగానే సైన్ 30 నొక్కి చూడమనండి. సగం వస్తే డిగ్రీలు, −0.988 వస్తే రేడియన్లు.

తీరం వెంబడి

మాస్టారు గేట్ గురించి చెప్పింది కాదనలేను. అయితే నా పక్షాన ఒక్క సూచన మిగిలింది. గ్రాఫు నిజంగా కావాలనుకునే విద్యార్థి టీఐ-84 దగ్గరే ఆగనవసరం లేదు. కేసియో ఎఫ్‌ఎక్స్-9750జీ త్రీ అనే యంత్రం ఉంది, అందులో నలుపు తెలుపు తెరే ఉన్నా గ్రాఫులూ, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష కూడా ఉన్నాయి. కాకపోతే ఆ డబ్బుకు ఇంకొంచెం కలిపితే వాడిన ల్యాప్‌టాప్ వస్తుంది కదా అని ఎవరైనా అడిగితే నా దగ్గర గట్టి జవాబు లేదు. ల్యాప్‌టాప్‌లో లెక్కలకు, గ్రాఫులకు సైలాబ్, ఆక్టేవ్ అనే సాఫ్ట్‌వేర్లు, పైథాన్ మూడూ ఉచితంగా దొరుకుతాయి. రూట్ లోకస్ గీయాలన్నా, బోడే ప్లాట్ సరిచూసుకోవాలన్నా ఆ పెద్ద తెరకు చేతి యంత్రం సాటిరాదు. ఒక్క విషయంలో మాత్రం నేను మారను: గ్రాఫు చూసే అలవాటు తప్పనిసరి, దేని మీద చూస్తారన్నది మీ ఇష్టం.

నిర్వాహకులు

ల్యాప్‌టాప్ మోడళ్ల గురించి వచ్చిన నాలుగు పోస్టులను వేరే చర్చలోకి మార్చాము. ఇక్కడ క్యాలిక్యులేటర్ల గురించి మాత్రమే రాయగలరు.

నాలుగో ఏడాది ఈఈఈ

ఈఎక్స్, సీడబ్ల్యూల మధ్య ఎంపిక గురించి ఎవరూ పూర్తిగా చెప్పలేదు కాబట్టి నా మాట. లెక్కించే శక్తిలో మీ అమ్మాయికి రెండూ సమానమే. తేడా కీల అమరికలో ఉంది. ఈఎస్ ప్లస్ మీద చేయి తిరిగినవారికి ఈఎక్స్ దాదాపు పరిచయమైనట్లే ఉంటుంది. సీడబ్ల్యూలో ఇంతకు ముందు కీ మీదే ముద్రించి ఉన్న కొన్ని పనులు మెనూల లోపలికి వెళ్లాయి. దశాంశాన్ని భిన్నంగా మార్చే కీ స్థానంలో ఫార్మాట్ అనే మెనూ వచ్చింది. మా ల్యాబ్‌లో పాత యంత్రం నుంచి దాని మీదకు మారినవారు మొదట విసుక్కున్నారు. మీ అమ్మాయి ఇప్పుడే మొదలుపెడుతోంది కాబట్టి ఆ విసుగు ఉండదు. పైగా ఎఫ్ ఆఫ్ ఎక్స్, జీ ఆఫ్ ఎక్స్ అని రెండు ఫంక్షన్లను ఒకసారి నమోదు చేసి పదేపదే వాడుకునే సౌకర్యం సీడబ్ల్యూలో ఉంది. ఒకే ఒక్క ఇబ్బంది ఏమిటంటే, తరగతిలో పక్కవారి దగ్గర ఈఎక్స్ ఉంటే ఏ కీ నొక్కాలో ఒకరు మరొకరికి చెప్పుకోలేరు. మొదటి ఏడాదిలో అలా చెప్పుకోవడం వల్లే సగం నేర్చుకుంటాము. కళాశాల అనుమతిస్తే, సహాధ్యాయులు ఎక్కువగా ఏది కొంటున్నారో కనుక్కుని అదే తీసుకోమనండి.

గాజువాక నాన్న

కళాశాల నుంచి నిబంధనల కాగితం తెప్పించాము. 991 వరుస అని మాత్రమే రాసి ఉంది, అక్షరాలు రాయలేదు. అమ్మాయి చేరిన వాట్సాప్ గుంపులో ఎక్కువమంది సీడబ్ల్యూ కొన్నారట, మేమూ అదే తీసుకున్నాము. దుకాణంలోనే క్యూఆర్ స్కాన్ చేసి చూశాము, సైటు తెరుచుకుంది. బావమరిదికి ఫోన్ చేసి టీఐ వద్దని చెప్పాను. కొంచెం నొచ్చుకున్నాడు గానీ, ఎఫ్ఈ పరీక్ష సంగతి చెప్పగానే తన ఆఫీసులో కుర్రవాళ్లు కూడా అదే అన్నారని ఒప్పుకున్నాడు. అమ్మాయి నాలుగు సమీకరణాల లెక్కను వేసి 22/13 తెప్పించింది. ఇంకొక సందేహం: సౌరఫలకం ఉంది కదా, ఎల్‌ఆర్44 సెల్ మార్చకుండా అలాగే వదిలేస్తే ఏమైనా నష్టమా?

తెరచాప

వదలకండి. సెల్ పూర్తిగా నీరసించాక కూడా వెలుతురులో యంత్రం పనిచేస్తున్నట్లే కనబడుతుంది. హాలులో మీ అమ్మాయికి దీపం నీడ పడే చోటు దొరికితే లెక్క మధ్యలో తెర మసకబారుతుంది. పైగా పాతబడిన సెల్ కారితే ఆ ద్రవం లోపలి పలకను తింటుంది. తెర అంకెలు వెలవెలబోవడం మొదలైతే ఆగకుండా మార్చండి. వెనుక మూతకు సన్నని స్క్రూలు ఉంటాయి, వాటి తల చెరగకుండా సరైన కొలత స్క్రూడ్రైవర్ వాడండి, ఆ సంగతి ఫిట్టర్‌కు నేను చెప్పనవసరం లేదు. సెల్ మార్చాక రీసెట్ చేయవలసి వస్తుంది, కాబట్టి మాస్టారు చెప్పిన సైన్ 30 పరీక్ష అప్పుడు కూడా చేయించండి.